తెల్ల దుప్పటికి ఊదా అంచు

రేవు వైపు దిగే మెట్ల కింద ఒక కొట్టు ఉంది. వెడల్పు తలుపంత, పొడవు మంచమంత. అందులో కూర్చునే పెద్దాయన్ని అందరూ అద్దాలాయన అంటారు. కళ్ళజోళ్ళు చేస్తాడనుకుని వచ్చేవాళ్ళని రోజుకి ఇద్దరినైనా వెనక్కి పంపాల్సి వస్తుంది ఆయనకి.

"ఆ కొట్టు పై వీధిలోనండీ. నా దగ్గరవి ముక్కు మీద నిలబడవు" అంటాడు.

ఆయన బాగుచేసేవి దుర్భిణీలు. రేవు ఉద్యోగులవి, పడవలవాళ్ళవి, పిట్టల్ని చూస్తూ తిరిగేవాళ్ళవి, ఏవి పాడైనా ఆయన బల్ల మీదికే వస్తాయి. చిన్నప్పుడు మేనమామ దగ్గర కుట్టుమిషన్ల పని నేర్చుకున్నాడట. ఒకరోజు ఓడలో వంటవాడొకడు లోపల తేమ పట్టిన దుర్భిణి పట్టుకుని మిషన్ల కొట్టుకి వచ్చాడు. మేనమామ మన పని కాదన్నాడు. ఈయన మాత్రం "మరలు మరలే కదా మామయ్యా" అని అక్కడికక్కడే విప్పేశాడు. విప్పడానికి ఒక పూట, మళ్ళీ బిగించడానికి పదకొండు రోజులు. ఈలోగా ఓడ వెళ్ళిపోయింది. ఆ దుర్భిణి ఇప్పటికీ కొట్టులో కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది.

"వస్తాడేమోనని తుడుస్తూనే ఉన్నానమ్మా. నలభై ఏడేళ్ళయింది. వస్తే ఏం మొహం పెట్టుకుని ఇవ్వాలో" అని ఆయన ఈ కథ ఎవరికి చెప్పినా ఇక్కడే నవ్వుతాడు.

ఆయన గొప్పవాడని ఇదంతా రాయడం లేదు. ఆ కొట్టులో నాకొక సంగతి తెలిసింది. తెలిసిన తర్వాత నాకు ఇంకా అయోమయం ఎక్కువైంది. రాస్తే ఏమైనా తేటపడుతుందేమోనని రాస్తున్నాను.

మా ఆయన రేవు సిగ్నల్ టవర్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశారు. బయట లంగరేసిన ఓడల పేర్లు, జెండాలు చూసి రాసుకోవడం, లోపలికి రమ్మని రేడియోలో చెప్పడం ఆయన పని. నాలుగు నెలల క్రితం పోయారు. నెల తర్వాత టవర్‌వాళ్ళు ఒక అట్టపెట్టె పంపించారు. అందులో ఆయన ఫ్లాస్కు, చలికోటు, రెండు దుర్భిణీలు ఉన్నాయి. రెండూ నల్లవే, ఒకే సైజువి. రెండింటి మీదా ఎనిమిది, నలభై రెండు అనే అంకెలే ఉన్నాయి. ఒకటి పదకొండేళ్ళ క్రితం ఆయన సొంతంగా కొనుక్కున్న మధ్యరకం. రెండోది అదే ఏడాది తోటివాళ్ళంతా కలిసి బహుమతిగా ఇచ్చిన మేలురకం, దానికి పది రెట్లు ఖరీదైనదట. ఏది ఏదో నాకు తెలియదు.

టవర్‌లో ఆయన తర్వాత డ్యూటీకి వచ్చే అబ్బాయికి ఫోన్ చేసి అడిగాను. "రెండూ కిటికీ దగ్గరే ఉండేవి పిన్నిగారూ. నేను వచ్చేసరికి ఆయన ఎప్పుడూ కోటు వేసుకుంటూ ఉండేవారు" అన్నాడు.

తెలుసుకోవాల్సిన అవసరం మా అమ్మాయి వల్ల వచ్చింది. దానికి దీవుల్లో సముద్రపు పక్షుల్ని లెక్కపెట్టే పని దొరికింది. నాలుగు నెలలు. ఎవరి దుర్భిణి వాళ్ళే తెచ్చుకోవాలట. సోమవారం పొద్దున్న ప్రయాణం.

"అమ్మా, నాన్న చూసినది నాకివ్వు. ఇంకోటి నువ్వుంచుకో" అంది.

నేను సరే అన్నాను. అన్నానే గానీ, ఆయన చూసినది నాక్కూడా కావాలి. నాలుగు నెలలుగా ఆయన చొక్కాలు ఇచ్చేశాను, చెప్పులు ఇచ్చేశాను, ఏమీ అనిపించలేదు. ఇది మాత్రం చేతిలోంచి జారితే ఇంకేం మిగలదని అనిపించింది. అది పైకి ఎలా చెప్పను, కన్నకూతురితో పోటీ పడినట్టుంటుంది. ముందు ఏది ఆయనదో తేలనీ, తర్వాత చూద్దాం అనుకున్నాను.

గురువారం రెండూ సంచిలో వేసుకుని కొట్టుకి వెళ్ళాను. అద్దాలాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "టవర్ సార్ ఇంటావిడ కదమ్మా" అని కుర్చీ నాకిచ్చి తను స్టూలు మీద కూర్చున్నాడు. సంచిలోంచి ఒకటి తీశాడు. మా ఆయన గురించి రెండు మంచి మాటలు చెబుతూనే ఏదో తిప్పి పక్కన పెట్టాడు. రెండోది తీశాడు, అలాగే తిప్పాడు, పెట్టాడు.

"రెండేళ్ళ క్రితం రెండింటికీ నేనే కొత్త రబ్బరు తొడిగానమ్మా. ఉప్పుగాలికి పాతది ఊడిపోయింది. అందుకే మీకు కవలపిల్లల్లా కనిపిస్తున్నాయి. చెప్పండి, ఏం చేయమంటారు?"

"ఆయన ఎక్కువగా ఏది వాడేవారో చెప్పగలరా అన్నయ్యగారూ?"

"ఓస్, అదెంత పని? కుడికంటి గొట్టానికి ఈ రింగు ఉంది చూశారూ, ఎవరి కంటికి తగ్గట్టు వాళ్ళు తిప్పుకుంటారు. వాడిన దాంట్లో అది ఆయన కంటికి తగ్గట్టు..." అంటూ చెయ్యి చాచినవాడు అలాగే ఆగిపోయాడు.

రెండు రింగులూ సున్నా మీద ఉన్నాయి.

ఆయన బొటనవేలు చూసుకున్నాడు. బల్ల మీదికి ఏది వచ్చినా ముందు రింగు సున్నాకి తిప్పి పెట్టడం ఆయన పద్ధతి. నలభై ఏళ్ళకు పైగా చేస్తున్న పని. ఇప్పుడే, నా కళ్ళ ముందే, మాట్లాడుతూ మాట్లాడుతూ తిప్పేశాడు. నాకేమో ఏం జరిగిందో వెంటనే అర్థం కాలేదు. వెనక గోనెపట్టా తెర పక్కకి జరిపి ఆయన భార్య తల బయటపెట్టింది.

"తిప్పేశారా? అడక్కుండానే తిప్పేశారా?"

"చెయ్యి తిప్పింది. నేను కాదు."

"చెయ్యి ఎవరిదంట?"

ఆమె నాకు టీ ఇచ్చింది. వయసులో పెద్దది కాబట్టి వదినా అని పిలుస్తాను. "ఏడవకమ్మాయ్. ఈయనే పోగొట్టాడు, ఈయనే వెతికి పెడతాడు. లేకపోతే నేనూరుకోను" అంది.

నేను ఏడవలేదు. నాలుగు నెలలైంది ఏడ్చి. మా ఆయన కంటి గుర్తు ఒకటి ఈ లోకంలో ఉందని తెలియడం, అది చెరిగిపోవడం, రెండూ ఒకే నిమిషంలో జరిగాయి. అలాంటప్పుడు ఏం చేయాలో నాకు తెలియలేదు.

అద్దాలాయన రెండు దుర్భిణీలూ నా వైపు జరిపి, "చూపు పోలిస్తే తెలియొచ్చు తల్లీ. ఆయన మీతో ఓడల గురించి, కనిపించినవాటి గురించి చెప్పేవారు కదా. రెండింటిలోనూ మీరు చూడండి. ఆయన మాట దేనికి అతుకుతుందో అదే ఆయనది" అన్నాడు.

ఆయనకి ఇంకో పద్ధతి ఉంది. ఎవరు రెండు దుర్భిణీలు పోల్చమన్నా, పాత గొడుగు బట్టతో వదిన కుట్టిన రెండు తొడుగులు వాటికి వేసి, కంటి దగ్గర, ముందరి అద్దాల దగ్గర మాత్రం వదిలేసి చేతికిస్తాడు. ఒక తొడుగుకి ఎర్రదారం ముడి ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. "ధర తెలిసిందంటే కన్ను అబద్ధాలు మొదలెడుతుందమ్మా. ఖరీదైనది పట్టుకున్నవాడు మబ్బులో కూడా నక్షత్రాలు కనబడ్డాయంటాడు" అంటాడు.

శుక్రవారం మధ్యాహ్నం మెట్ల పైకి తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి కింద రేవు, అటు మా వీధి మేడలు, అన్నీ కనిపిస్తాయి. ముడి ఉన్నదానితో చూశాను. లేనిదానితో చూశాను. దూరంగా ఉన్న క్రేను మీద అంకె రెండింటిలోనూ ఒకేలా ఉంది.

"నాకేం తేడా తెలియడం లేదు అన్నయ్యగారూ. నాకు చదువు తక్కువ, అందుకేనేమో."

"దీనికి చదువెందుకమ్మా. ఎండలో రెండూ అన్నదమ్ములే. పొద్దువాలితేనే ఎవరి సంగతేంటో బయటపడేది."

"మరి రెండింటి మీదా అంకెలొకటే కదా. ఒకటి పది రెట్లు ఎందుకు?"

"మీ కాలిదీ నా భార్య కాలిదీ ఒకటే నంబరు చెప్పులనుకోండి. ఒక చెప్పు ఏడాది వస్తుంది, ఒకటి పదేళ్ళొస్తుంది. ఎనిమిదంటే ఎన్నింతలు దగ్గరికి తెస్తుందో అది. నలభై రెండంటే ముందరి అద్దం వెడల్పు. ఆ అద్దం ఎలాంటిదో, దాని మీద పూత ఎన్ని పొరలో, లోపలి గాజు దిమ్మల్ని ఎంత శ్రద్ధగా అరగదీశారో అంకెల్లో రాయరు."

చెప్పుల సంగతి అర్థమైంది. పూత సంగతి కాలేదు. వెలుతురు లోపలికి పోవడానికి అద్దం మీద పూత పూస్తే అడ్డం కదా అనుకున్నాను. అడగలేదు.

సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. పొద్దు కుంకిన కొద్దిసేపటికి ముడి ఉన్నదాంట్లో ఓడ మీద రాసిన పేరు అక్షరాలు కరిగిపోయాయి. లేనిదాంట్లో ఇంకా నిలబడే ఉన్నాయి. మెట్ల దీపం వెలిగాక దాని పక్కకి చూస్తే ముడి ఉన్నదాంట్లో తెల్లటి మసక పరుచుకుంది, రెండోదాంట్లో దీపం దీపంలాగే ఉంది. బొమ్మ చివర్లు కూడా అంతే. ఒకదాంట్లో పక్కలు కాస్త సాగినట్టున్నాయి, ఒకదాంట్లో నడిమధ్య ఎంత తేటగా ఉందో అంచుదాకా అంతే.

"ముడి లేనిదే మేలురకం కదూ?" అన్నాను.

"అది మీరు చెప్పాలి, నేను కాదు. ఆయన ఏ మాట చెప్పేవారో గుర్తు తెచ్చుకోండి."

మా ఆయన చీకటి పడ్డాక ఓడల పేర్లు చదివినట్టు ఎప్పుడూ చెప్పలేదు. చదవలేనట్టూ చెప్పలేదు. ఇంటికొచ్చి ఓడల మాటే ఎత్తేవారు కాదు. ఏదో ఒక ఓడలో కుక్క ఉందనేవారు, ఏదో ఒక ఓడలో వంటవాడు చేపని జారవిడిచాడనేవారు. ఇవి ఏ అద్దానికి అతుకుతాయి? రాత్రంతా వెతికినా నా దగ్గర ఒక్క మాట దొరకలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన ఏం చూశారో నాకు తెలియదని అప్పుడే తెలిసింది.

శనివారం పొద్దున్నే దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేసి, ఇంకొక్కసారి చూసి ఊరుకుందామని వెళ్ళాను. వదిన కూడా మాతో మెట్లెక్కింది.

"చివరి పరీక్షమ్మా. బాగా తెల్లటిది ఎండలో చూడాలి. తక్కువరకం అద్దమైతే తెలుపు పక్కన లేని రంగులు పుట్టిస్తుంది. నిజం చెప్పాలంటే ఈ పరీక్షలో నాకు రెండూ ఒకటే. ఈ రెండేళ్ళలో మధ్యరకంవాళ్ళు బాగా నేర్చుకున్నారు" అన్నాడు అద్దాలాయన.

తెల్లటిది ఎక్కడుందా అని తిప్పుతుంటే మా మేడే కనిపించింది. నా దుప్పట్లే. ముడి ఉన్న దుర్భిణిలో దుప్పటి అంచు పొడుగునా సన్నగా ఊదారంగు గీత ఉంది. కుంచెతో దిద్దినట్టు. రెండోది తీసి చూశాను. దుప్పటి తెల్లగా ఉంది. మళ్ళీ ముడి ఉన్నది పెట్టాను. ఊదా అంచు.

మెట్టు మీద కూర్చుండిపోయాను.

మా ఆయన టవర్ నుంచి మా మేడ చూసేవారు. ఓడలేమీ లేనప్పుడు. ఇంటికొచ్చాక "ఇవాళ దుప్పట్లకి నీలిమందు ఎక్కువైందోయ్. అంచులు ఊదారంగు తేలుతున్నాయి" అనేవారు. ఒకసారి కాదు, పదకొండేళ్ళు. మొదట్లో అరచెంచా వేసేదాన్ని. పావుకి తగ్గించాను. తర్వాత నాలుగు చుక్కలు. సబ్బు మార్చాను, తొట్టె మార్చాను. చివరికి రెండేళ్ళు నీలిమందు ముట్టుకోనేలేదు. అయినా "ఇంకా ఉందోయ్" అన్నారు. కళ్ళు చూపించుకోండి అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

ఇదంతా వదినకి చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటోందో ఇంకేమిటో తెలియలేదు.

"ఏదమ్మా, చూడనీ" అని అద్దాలాయన ముడి ఉన్నది తీసుకుని చాలాసేపు చూశాడు. "ఎక్కడ? ఊదా ఎక్కడ?"

వదిన లాక్కుని చూసింది. "అదుగో. దుప్పటి చుట్టూ. గోడ కట్టినట్టుంటే కనబడటం లేదా?"

"లేదే. తెల్లగా ఉంది కదే. నీకేదో భ్రమ."

"ఇద్దరికీ ఒకే భ్రమా? ఇందాక ఏమన్నారు? ఈ రెండేళ్ళలో మధ్యరకంవాళ్ళు నేర్చుకున్నారా? ఇది పదకొండేళ్ళ నాటి అద్దం. రెండేళ్ళ నుంచి తనంతట తనే ఎలా బాగుపడింది చెప్పండి."

ఆయన దుర్భిణి కిందికి దించాడు. ఒక కన్ను మూసి చూశాడు, ఇంకో కన్ను మూసి చూశాడు. తొడుగు విప్పకుండానే అంచుల్ని వేళ్ళతో తడిమాడు.

"రెండేళ్ళుగా అందరికీ చెబుతున్నానే, రెండూ ఒకటేనని" అన్నాడు మెల్లగా.

"చెప్పారు. నాకు కూరల సంచి రంగు కూడా మొన్న తప్పు చెప్పారు. ముసలాయన పరాకులే అనుకున్నాను."

తర్వాత డాక్టరు చూసి, కంట్లో పొర పసుపు తిరిగిందని, ఊదారంగు దాన్ని దాటి లోపలికి రాదని చెప్పాడట. ఇప్పుడు ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోదానికి ఇంకా కాలేదు. కొట్టుకొచ్చినవాళ్ళతో "మేలురకం, మధ్యరకం రెండూ ఒకే మొహానికి పెట్టుకుని తిరుగుతున్నానండీ, మీ ఇష్టమొచ్చిన కన్నుతో చూసి చెబుతాను" అంటున్నాడు. గతంలో తన మాట మీద కొన్నవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి మళ్ళీ చూపిస్తున్నాడు. వదిన పక్కనే కూర్చుంటుంది, ఆయన చెప్పాక అవునో కాదో తనూ చెబుతుంది.

అదంతా తర్వాతి మాట. ఆ శనివారం మాత్రం ఆయన తొడుగులు విప్పి, ముడి ఉన్నదాన్ని రెండు చేతులతో నాకిచ్చాడు. "ఇదేనమ్మా మధ్యరకం. సార్ చూసింది ఇదే. దాని రింగు గుర్తు పోగొట్టాను గానీ" అని ఆగాడు.

"అయిపోయింది కదండీ" అన్నాను.

ఆదివారం అమ్మాయికి ఏమీ చెప్పలేదు. చెబితే తీసుకుపోతుంది. చెప్పకపోతే ఖరీదైనది చేతిలో పెట్టి ఇదే నాన్నదంటే నమ్ముతుంది, సంతోషంగా వెళ్తుంది. అబద్ధం సిద్ధం చేసుకున్నాను. రెండుసార్లు లోపల అనుకుని కూడా చూశాను. సోమవారం పొద్దున అది జడ వేసుకుంటుంటే, ఎందుకో, రెండూ మంచం మీద పెట్టి "ఇది నాన్నది. ఇది కాదు" అని నిజమే చెప్పేశాను. నీలిమందు సంగతి కూడా.

అది సగం జడతోనే నాన్నది తీసుకుని వసారాలోకి పరిగెత్తింది. రేవు మీద తెల్లపిట్టలు తిరుగుతున్నాయి. చాలాసేపు చూసింది. దించింది. మళ్ళీ చూసింది.

"అమ్మా, దీంట్లో ప్రతి పిట్ట రెక్కకీ ఊదా అంచుంది. రెక్క అంచు రంగు చూసే మేం ఏ పిట్టో రాసుకోవాలి. దీన్ని నమ్ముకుంటే దీవి మొత్తానికీ కొత్తజాతి పిట్టల్ని పుట్టించి వస్తాను." నవ్వింది, ముక్కు తుడుచుకుంది. దాన్ని నా ఒళ్ళో పెట్టి, ఖరీదైనది తీసి మెడలో వేసుకుంది. నా గుండె మీద బరువు దిగింది. దిగినందుకు సిగ్గేసింది.

కింద వాళ్ళ వ్యాను వచ్చి హారన్ కొట్టింది. సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"అమ్మా, నాన్నకి తెలుసు."

"ఏం తెలుసు?"

"అది అద్దం తప్పని. నీలిమందు కాదని. రెండూ కిటికీ దగ్గరే పెట్టుకుని కూర్చున్న మనిషికి ఒక్కసారైనా తేడా కనబడదా? నిన్నాటపట్టించారు."

"పదకొండేళ్ళా? ఆయనకంత ఓపికెక్కడిది? రెండోది ముట్టుకునేవారే కాదు. తెలియదు ఆయనకి."

"మరి కళ్ళు చూపించుకోమంటే ఎందుకు నవ్వారు?"

"ఆయన దేనికి నవ్వలేదు కనక."

"ఇరవై ఎనిమిదేళ్ళు దుర్భిణి పట్టుకున్న మనిషమ్మా!"

"నలభై ఏళ్ళు పట్టుకున్న అద్దాలాయనకే కనబడలేదు."

"ఆయన కళ్ళు వేరు. నాన్నకి ఊదా కనబడింది కదా, కనబడిందనేగా చెప్పింది?"

తెలిసే అని ఉంటే పదకొండేళ్ళు నన్ను ఆట పట్టించినట్టు. తొట్టె మార్పించినట్టు. కోపమొచ్చింది, అంతలోనే రోజూ నా దుప్పటి వైపు చూసేవారా అనిపించింది. తెలియక అని ఉంటే పాపం నిజంగానే మా మేడ మీద ఊదా అంచు దుప్పట్లు ఆరుతున్నాయనుకుంటూ పోయారు. ఏది మంచిదో నాకు తోచలేదు. మెట్లు దిగుతూ కూడా వాదించుకున్నాం. వ్యానులోవాళ్ళు నవ్వుతున్నారు. "తెలుసంతే" అని అది కిటికీలోంచి అరిచింది. "తెలుసు, ఆయనకి తెలుసు" అని నేనూ అరిచాను. "అదేగా నేనంటున్నది!" అంది.

వ్యాను మలుపు తిరిగింది. దుర్భిణి చేత్తో పట్టుకుని వీధిలో నిలబడి ఆలోచిస్తే, నేను ఎప్పుడు అమ్మాయి పక్షానికి మారానో నాకే గుర్తు లేదు.